తొమ్మిది ఎర్ర గుడ్డలు

గవ్వలరేవు అనే సముద్రపు ఒడ్డు పల్లెలో నూకరత్నం అనే కోడలు ఉండేది. ఆమెకి ఏ పనైనా చేయడం వచ్చు గానీ, ఎవరినైనా ఏదైనా అడగడం మాత్రం రాదు.

అడగడం అంటే చెయ్యి చాపడమే అని ఆమె అనుకునేది. ఇంట్లో ఉప్పు అయిపోతే చప్పగా తినేది గానీ పక్కింటి గడప తొక్కేది కాదు. దారి తెలియకపోతే తప్పు దారిలోనే గబగబా నడిచేది. ఆమె భర్త పైడయ్య ఒక పెద్ద బోటుకి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. మా ఊరి మగవాళ్ళని ఎనిమిది మందిని వెంటబెట్టుకుని గుజరాతు వైపు వేటకి పోయేవాడు. బోటు లోపలికి పోయిందంటే నెల రోజుల దాకా ఫోను అందేది కాదు.

ఒక ఏడు నూకరత్నం పట్నం వెళ్ళి, సముద్రపు నాచు పెంచడం నేర్చుకుని వచ్చింది. వెదురు బొంగులతో మంచమంత చట్రాలు కట్టాలి. చట్రానికి అడ్డంగా తాళ్ళు బిగించి, తాళ్ళకి నాచు మొక్కలు ముడివేయాలి. దాన్ని నీళ్ళలో తేలనిచ్చి లంగరు వేయాలి. కింద ఇంకో తాడు వేలాడదీస్తే దానికి ఆలుచిప్పలు కూడా పట్టి పెరుగుతాయట. నలభై ఐదు రోజులకి కోత. ఆ నాచు మందుల్లోకి, తినే వస్తువుల్లోకి పోతుందట. వింటే మాకు నవ్వొచ్చింది.

నూకరత్నం ఒక్కతే ఒడ్డున కూర్చుని చట్రాలు కడుతుంటే, ఎండుచేపలు అమ్మే ఎర్రయ్యమ్మ గంప దించి చూసింది.

"ఏటే కోడలా, సముద్రంలో మంచాలు వేస్తున్నావు? చేపలు పడుకుంటాయా?"

"నాచు పెంచుతాను అత్తా."

"నాచా! నా బతుకంతా నూతి గట్టు మీద నాచు గీకడానికే సరిపోయింది. దాన్ని నువ్వు పెంచుతావా?"

అందరం నవ్వాము. నూకరత్నం తల ఎత్తలేదు. వాటిని ఎక్కడ వేస్తుందో ఆమె చెప్పలేదు. నవ్వడం అయ్యాక మేమైనా అడిగామా అంటే, మేమూ అడగలేదు.

పట్నం ఆఫీసులో అనుమతి కాగితం ఇచ్చారు, ఇంకెవరికి చెప్పాలి అనుకుంది ఆమె. తొమ్మిది చట్రాలు కట్టి, ఊరి ముందు సముద్రం లోపలికి వంగిన చోట వరసగా వేసింది. అక్కడ నీళ్ళు నడుము లోతే ఉంటాయి. ఒడ్డున ఒక బోర్డు పాతింది. "ఇచ్చట సముద్రపు నాచు సాగు చేయబడుచున్నది. వలలు, పడవలు దూరముగా ఉంచవలెను" అని దాని మీద రాసి ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాలో చదువు వచ్చినవాళ్ళు లేరు. నేనూ ఆ బోర్డు ముందు నిలబడి చూశాను. చీమలు బారులు కట్టినట్టు కనిపించింది, అంతే.

ఆ చోటు మా పెద్ద వల దిగే చోటు. పెద్ద వలంటే ఇరవై మంది ఇటు, ఇరవై మంది అటు ఒడ్డున నిలబడి తాడు లాగే వల. నలభై ఇళ్ళకి అదే కూడు. వల పెద్ద దానయ్య ఆ చట్రాల వంక చూశాడు, గొణుక్కున్నాడు, వలని కొంచెం పక్కకి తిప్పి లాగించాడు. "సరంగు పెళ్ళాం కదా, ఏదో తెలిసే చేస్తుందిలే" అన్నాడు.

వారం గడిచింది. ఒక మధ్యాహ్నం నూకరత్నానికి ఫోను వచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడి "అలాగా, అలాగా" అంది. లోపలికి పోయి తన ఎర్ర చీర తెచ్చి పర్రున చింపింది. ఆ ముక్కలు పట్టుకుని సముద్రం వైపు పరుగెత్తింది. ఒక్కొక్క చట్రం మీద ఒక కర్ర నిలబెట్టి, ఒక్కొక్క కర్రకి ఒక్కొక్క ఎర్ర గుడ్డ కట్టింది. ఇదంతా మేం గుమ్మాల్లోంచి చూశాం.

ఆ ఫోను చేసింది పట్నంలో నాచు నేర్పినాయన. "పడవలు గుద్దుకుంటాయమ్మా, ఏదైనా గుర్తు కట్టుకో" అన్నాడట. నూకరత్నం పుట్టిల్లు ఉప్పుటేరు పక్క ఊరు. అక్కడ నీళ్ళలో ఎర్ర గుడ్డ కనిపిస్తే, కింద వల ఉంది చూసి పొమ్మని అర్థం.

గవ్వలరేవులో దాని అర్థం అది కాదు. మా ఊళ్ళో నీళ్ళలో ఎర్ర గుడ్డ కడితే, ఆ ఇంటి మనిషిని సముద్రం తీసుకుపోయిందని అర్థం. ఒక మనిషికి ఒక గుడ్డ. అది ఉన్నంతకాలం ఆ నీళ్ళలో వల పడకూడదు. ఆ ఇంటివాళ్ళు తమంతట తాము నోరు విప్పేదాకా ఎవరూ ఏమీ అడగకూడదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి, రోజుకొక ఇంటివాళ్ళు అంబలి తెచ్చి గడపలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. ఐదేళ్ళు కాపురం చేసినా నూకరత్నానికి ఈ సంగతి తెలియదు. ఆ ఐదేళ్ళలో సముద్రం మమ్మల్ని కనికరించింది. ఒక్క గుడ్డ కట్టే అవసరం రాలేదు.

గున్నమ్మ అనే ఇంకొక ఇల్లాలి భర్త కూడా అదే బోటులో ఉన్నాడు. ఆమె ఒడ్డుకి వచ్చి గుడ్డలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. మూడోసారీ లెక్కపెట్టి ఇసుకలో కూలబడింది. గుడ్డలు తొమ్మిది. బోటులో మనవాళ్ళు తొమ్మిది మంది. ఏ వార్త వచ్చినా ముందు సరంగు ఇంటికే వస్తుంది.

మర్నాడు నూకరత్నం తలుపు తీసేసరికి గడపలో అంబలి తపేలా ఉంది. ఆమె అటూ ఇటూ చూసింది. వీధిలో ఎవరూ లేరు. కుళాయి దగ్గరికి పోతే ఆడవాళ్ళు పక్కకి తప్పుకుని ముందు ఆమెకే నీళ్ళు వదిలారు. కానీ ఒక్కరూ పలకరించలేదు. గున్నమ్మ ఆమె ముఖం చూసి కొంగు నోట్లో కుక్కుకుని పారిపోయింది. పెద్ద వల ఒడ్డున మడతపెట్టినట్టే ఉంది. దానయ్య దానికి ఆనుకుని కూర్చుని సముద్రం వంక చూస్తున్నాడు.

నూకరత్నం అయోమయంలో పడింది. నా మీద కోపమైతే అంబలి ఎందుకు పెడతారు? కోపం లేకపోతే మాట ఎందుకు మానేస్తారు? రెండో రోజూ అంబలి వచ్చింది. ఆ రోజు పెట్టింది నేనే. గడపలో తపేలా దించుతుంటే లోపల ఆమె పాట పాడుకుంటూ తాడు పేనుతోంది. పిచ్చి పట్టింది పాపం అనుకుని కళ్ళు తుడుచుకుంటూ వచ్చేశాను. లోపలికి వెళ్ళి ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడగకూడదన్న కట్టుబాటుకి నేనూ కట్టుబడిపోయాను.

ఐదు రోజులు అలాగే గడిచాయి. నలభై ఇళ్ళలో చేప ముక్క లేదు, కూలి లేదు. నూకరత్నం ఇంట్లో ఐదు తపేలాలు పోగయ్యాయి. అవి ఎవరివో ఆమెకి తెలియదు. అడగలేదు.

ఆరో రోజు పొద్దున గాలి తిరిగింది. సముద్రం బూడిద రంగుకి మారి, అలలు ఎత్తుగా లేచి విరగసాగాయి. చట్రాలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం లోపల ఒడ్డుకి లాగకపోతే ఒక్కటీ దక్కదు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. పెద్ద వల తాడు కావాలి, దాన్ని పట్టే నలభై జతల చేతులు కావాలి.

నూకరత్నం వలల పాక దాకా వచ్చి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చి మళ్ళీ పోయింది. మూడోసారి గుండె దిటవు చేసుకుని లోపల అడుగు పెట్టింది. ఆమెని చూడగానే దానయ్య లేచి నిలబడ్డాడు. ఎవరో పరుగెత్తి పోయి ఊరంతా చెప్పారు. క్షణంలో పాక నిండిపోయింది. గున్నమ్మ గుంజ పట్టుకుని నిలబడింది.

"చెప్పు తల్లీ," అన్నాడు దానయ్య. "గుండె రాయి చేసుకునే ఉన్నాం."

నా చట్రాల గోడు వీళ్ళకి ముందే తెలుసు కాబోలు అనుకుంది నూకరత్నం. ఆమెకి దుఃఖం ఆగలేదు.

"తొమ్మిదీ, మావా," అంది. "తొమ్మిదీ సముద్రం పాలే."

పాకలో ఒక్కసారిగా ఏడుపు లేచింది. గున్నమ్మ నేల మీద పడి గుండెలు బాదుకుంది. నూకరత్నం బిత్తరపోయింది. నా నాచు కోసం ఇంత ఏడుస్తారా వీళ్ళు? ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు ఐదు రోజులు పలకరించలేదేం?

ఆ గోలలో ఎర్రయ్యమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది.

"ఆగండర్రా! కోడలా, ఏమన్నావు? తొమ్మిదీ అన్నావా, తొమ్మిది మందీ అన్నావా?"

"తొమ్మిదీ అన్నాను అత్తా."

"మనుషుల్ని అలా లెక్కపెడతారా ఎవరైనా? తొమ్మిదీ ఏవి?"

"చట్రాలు!" అంది నూకరత్నం. "ఇంకేమున్నాయి నాకు?"

ఏడుపు ఆగిపోయింది.

"మరి మావాళ్ళు?" అంది గున్నమ్మ నేల మీంచే.

"ఎవరు?"

"బోటులో వాళ్ళు!"

"వాళ్ళకేమయింది?" అని నూకరత్నం కెవ్వుమంది. ఇప్పుడు భయపడటం ఆమె వంతయింది.

ఎవరికి ఎవరు చెప్పాలో, ఏది ముందు చెప్పాలో తెలియలేదు. గుడ్డ అంటారు ఒకరు, ఫోను అంటారు ఇంకొకరు, చీర చింపావు కదా అంటారు వేరొకరు. చివరికి ఎర్రయ్యమ్మే ముక్కా ముక్కా అతికించి చెప్పింది. విన్నకొద్దీ నూకరత్నం ముఖం పాలిపోయింది. గున్నమ్మ లేచి వచ్చి ఆమె రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"ఆరు రోజులు! బొట్టు పెట్టుకోవాలో వద్దో తెలియక ఆరు రోజులు అద్దం చూడలేదే నేను!"

"నలభై ఇళ్ళు పస్తున్నాయి," అన్నాడు దానయ్య. "బతికున్నవాళ్ళకి గుడ్డలు కట్టావు కదే!"

"కాగితం ఉంది మావా. బోర్డు కూడా..."

"ఆ బోర్డు ఎవరు చదివారు? మేము గుడ్డని చదువుకున్నాం."

నూకరత్నం ఇసుకలో కూర్చుని చేతులు జోడించింది. "తప్పయింది. నాకు తెలియదు. ఇప్పుడేం చేయాలో చెప్పండి," అంది. గవ్వలరేవులో ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

దానయ్య గడ్డం గోక్కున్నాడు. "గుడ్డ కట్టిన చెయ్యే విప్పాలి," అన్నాడు. "విప్పేదాకా ఆ చట్రం మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. విప్పి రా, లాగుతాం."

"ఊరికే విప్పితే చాలదు మావా," అంది గున్నమ్మ. "తొమ్మిది మంది పేర్లూ పిలిచి విప్పాలి. వాళ్ళు బతికున్నారని సముద్రానికి తెలియొద్దా?"

నూకరత్నం తల వంచుకుంది. "అందరి పేర్లూ నాకు తెలియవు వదినా."

"ఐదేళ్ళ కాపురం!" అంది ఎర్రయ్యమ్మ. "అడుగు మరి! నోరుంది కదా!"

పెద్ద వల తాడు నూకరత్నం నడుముకి కట్టారు. ఒడ్డున మేమంతా తాడు పట్టుకున్నాం. ముందు గున్నమ్మ నిలబడింది. నూకరత్నం అలలని తోసుకుంటూ మొదటి చట్రం చేరింది.

"వదినా, అన్నయ్య పేరేంటి?" అని అరిచింది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. మొగుడి పేరు పెళ్ళాం నోటితో పలకదు. గున్నమ్మ తికమకపడింది.

"పొద్దున్నే సముద్రంలోంచి లేచొస్తాడు చూడు, ఆయన పేరే!"

"సూర్యుడా?"

"అబ్బ, కొంచెం ఇంట్లో మనిషిలా పిలువు!"

"సూరయ్యా!" అని పిలిచింది నూకరత్నం, గుడ్డ విప్పింది. అంత భయంలోనూ ఒడ్డున ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఒకరి భర్త పేరు ఇంకొకరు అందించారు. ఎర్రన్నా! గురుమూర్తీ! మసేనూ! లచ్చయ్యా! ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క గుడ్డ ఆమె భుజం మీదికి వచ్చింది. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది పైడయ్యది. మొగుడి పేరు ఆమె నోటితోనూ పలకకూడదు.

"పైడయ్యా!" అని ఆమె కోసం గున్నమ్మే పిలిచింది.

నూకరత్నం చెయ్యి ముడి దాకా పోయింది. అప్పుడే కొండంత అల వచ్చి పడింది. లంగరు తాడు తెగింది. చట్రం బొంగులు విడిపోయి, ఎర్ర గుడ్డతో సహా లోపలికి కొట్టుకుపోయింది. మేము ఆమెని తాడుతో వెనక్కి లాగాం.

ఆ తర్వాత నలభై మందీ కలిసి మిగిలిన చట్రాలు లాగారు. రెండు విరిగిపోయాయి. ఆరు దక్కాయి. నూకరత్నం వాటి వంక చూడలేదు. ఆ తొమ్మిదో గుడ్డ పోయిన వైపే చూస్తూ నిలబడింది.

గాలి తగ్గింది. పెద్ద వల మళ్ళీ దిగింది. కానీ నూకరత్నానికి కూడు సయించలేదు. అది వట్టి గుడ్డేనని తెలుసు, తన చేత్తో చింపిన పాత చీర ముక్కేనని తెలుసు. అయినా ఫోను ముందు పెట్టుకుని కూర్చునేది. ఇన్నాళ్ళూ గున్నమ్మ పడ్డ బాధేంటో ఇప్పుడు ఆమెకి తెలిసొచ్చింది. గున్నమ్మ రోజూ అంబలి తెచ్చేది.

"పెట్టి వెనక్కి చూడకుండా పోవాలి కదా వదినా?" అంది నూకరత్నం.

"అలా పోయినందుకే కదా ఇంత తిప్పలు! ముందు నువ్వు తాగు," అని గున్నమ్మ ఎదురుగా చతికిలబడింది.

గుడ్డ కొట్టుకుపోయిన పన్నెండో రోజు ఫోను మోగింది. పైడయ్య! రేవుకి వచ్చారట, అందరూ క్షేమమట. "ఎందుకేడుస్తున్నావు? గుడ్డలేంటి? పేర్లేంటి? నన్ను గున్నమ్మ పిలవడమేంటి?" అన్నాడు. మూడుసార్లు చెప్పినా అతనికి అర్థం కాలేదు. నూకరత్నం ఫోను అలాగే చెవికి పెట్టుకుని గున్నమ్మ ఇంటికి పరుగెత్తింది.

ఆ సాయంత్రమే ఆమె దానయ్య దగ్గరికి వెళ్ళింది. "మావా, ఆరు చట్రాలు మిగిలాయి. ఎక్కడ వేయమంటావు?"

దానయ్య పుల్లతో ఇసుక మీద గీత గీశాడు. "వల ఇక్కడ దిగుతుంది, ఇలా తిరుగుతుంది, ఇక్కడ ఒడ్డెక్కుతుంది. అదిగో, ఆ రాతిగుట్ట వెనక మాకేం పనిలేదు. అక్కడ అల కూడా మెత్తగా ఉంటుంది."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా మావా?"

"నువ్వు ముందే అడగొచ్చుగా కోడలా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. గుర్తుకి ఏం కట్టాలో ఆమె ఆడవాళ్ళని అడిగింది. అది వద్దు ఇది వద్దు అని పొద్దుగుంకే దాకా వాదించి, కొబ్బరి మట్ట అయితే ఎవరి చావుకీ సంబంధం లేదని తేల్చాం. చట్రాలు కట్టడానికి గున్నమ్మతో పాటు నలుగురు వెళ్ళారు. ఎర్రయ్యమ్మ కూడా వెళ్ళింది. నాచు గీకిన చేతికి నాచు ముడివేయడం ఎంతసేపు అంది.

తొలి కోత నాటికి చట్రాల కింద తాళ్ళకి ఆలుచిప్పలు గుత్తులుగా పట్టాయి. నూకరత్నం వాటిని ఉడికించి, కారం వేసి కూర చేసింది. ఆ ఐదు తపేలాలూ నింపుకుని ఇంటింటికీ తిరిగింది.

"ఇది మీదేనా?" అని ప్రతి గడప దగ్గరా అడిగింది.

నా తపేలా నాలుగో ఇంటి దాకా తిరిగి నా దగ్గరికి వచ్చింది. "రెండో రోజు పెట్టింది నువ్వేనా పిన్నీ? ఆ పొద్దున నేను పాట పాడుతున్నాను. లోపలికి రాలేదేం?" అంది. పీట వేసి కూర్చోమన్నాను.

పిల్లలూ, నలుగురు బతికే నీళ్ళలో పని మొదలుపెట్టే ముందు కాగితం ఉంటే చాలదు, ఆ నలుగురి గడపకీ వెళ్ళి అడగాలి; అర్థం కానిది కనిపించినప్పుడు ఆ నలుగురూ కూడా నోరు విప్పి అడగాలి, అప్పుడే ఊరి చేతులు మన తాడు మీద పడతాయి.